పసుపు రంగు వేసిన వీధి

(కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి రోజున చెన్నూరులో చేసిన స్మారక ఉపన్యాసం)



నన్ను పిలిచిన పెద్దలు బాపూజీ రాజకీయ జీవితం గురించి చెప్పమన్నారు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. 1915 సెప్టెంబరు 27న వాంకిడిలో పుట్టిన మనిషి. 1952లో ఆసిఫాబాద్ నుంచి శాసనసభకు వెళ్లాడు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశాడు. తెలంగాణను చూడకుండానే 2012లో, తొంభై ఏడో ఏట వెళ్లిపోయాడు. ఇదంతా మీకు తెలుసు. చేనేత సహకార సంఘాల కోసం ఆయన తిరిగిన తిరుగుడు గురించి కొంచెం తక్కువ చెప్పుకుంటాం. నేను మాట్లాడదలచింది ఆ మగ్గం గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ మగ్గం ఉన్న ఇంటి గురించి.

నేను టౌన్ ప్లానింగులో ట్రేసర్‌గా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరైనవాణ్ని. సర్వీసు మొత్తం పటాలకు రంగులేశాను. కంప్యూటర్లు రాకముందు మాస్టర్ ప్లాన్ అంటే ట్రేసింగ్ పేపరు, నల్ల ఇంకు, అమోనియా ప్రింటు. ప్రింటు తీసే పెట్టె మూత తెరిస్తే కళ్ల నీళ్లు కారేవి. ఆరిన ప్రింటును బల్ల మీద పరిచి, కలర్ పెన్సిలుతో నింపి, దూదితో రుద్దితే రంగు సమంగా పరుచుకునేది. జనం ఉండే చోటు పసుపు. దుకాణాలు నీలం. ఫ్యాక్టరీలు ఊదా. బడులు, దవాఖానలు, ఆఫీసులు ఎరుపు. పార్కులు ఆకుపచ్చ, పొలాలు లేత ఆకుపచ్చ. గీత దాటకుండా రంగు నింపడం ఒక నైపుణ్యం, అది నాకు బాగా వచ్చింది. గీత ఎందుకు అక్కడ ఉందని అడగడం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కరీంనగర్ జిల్లాలోని ఒక ఊరికి భూ వినియోగ సర్వేకు పంపారు. ఊరి పేరు చెప్పను. ఇంటింటికీ పోయి, ఫారంలో ఇంటి నంబరు ఎదురుగా అది ఇల్లా, దుకాణమా, కార్ఖానానా రాసుకోవాలి. ఒక పద్మశాలి గల్లీకి వచ్చేసరికి నా కలం ఆగింది. గూన పెంకుల ఇల్లు, ముందు అర్రలో గుంత మగ్గం. ఇంటాయన గుంతలో కాళ్లు దించి కూర్చుని నాడె విసురుతున్నాడు. వెనక అర్రలో ఆమె కండెలు చుడుతోంది. పడుగు పొడవాటిది కదా, పట్టడానికి గల్లీ మొత్తం కావాలి. తెల్లారగట్ల ఈ కొస నుంచి ఆ కొసకు కర్రలు నాటి నూలు సాగదీసి, గంజి పెట్టేవాళ్లు. అంటే ఆ వీధి కూడా వాళ్ల పనిముట్టే. మరి ఇది ఇల్లా, కార్ఖానానా? పై అధికారిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. "రాత్రి ఎక్కడ పండుకుంటరు?" అన్నాడు. అక్కడే సార్ అన్నాను. "అయితే పసుపు వెయ్యి."

వేశాను.

ఏడెనిమిదేళ్ల తర్వాత అదే గల్లీ నుంచి ఒక దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. గుంత మగ్గం మీద కూడు రావడం లేదు, వెనక జాగలో రేకుల షెడ్డు వేసుకుని రెండు సాంచాలు పెట్టుకుంటాం, లోనుకు బ్యాంకోళ్లు అనుమతి కాగితం అడుగుతున్నారు అని. పటం తీసి చూశాను. నివాస జోను. సాంచా అంటే మరమగ్గం, అది పరిశ్రమ కింద లెక్క. "నివాస జోనులో అనుమతించరాదు" అని నోట్ రాసి పైకి పంపాను. కావాలంటే భూ వినియోగ మార్పిడికి పెట్టుకోవచ్చు. దానికి ప్లాను, ఛార్జీలు, గెజెట్లో ముసాయిదా, అభ్యంతరాలకు గడువు, ఆ తర్వాత హైదరాబాదులో ఎదురుచూపు. రెండు సాంచాల కోసం! ఆ దరఖాస్తు పెట్టినాయన మళ్లీ రాలేదు. భివండీ పోయిండని తర్వాత విన్నాను. సూరత్ అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ నోట్‌లో తప్పేమీ లేదు. నియమం ప్రకారం అక్షరం అక్షరం సరిగ్గా ఉంది. అందుకే అది ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు.

ఇల్లు ఒకచోట, పని ఒకచోట ఉండాలన్న ఆలోచన మనది కాదు, మరీ పాతదీ కాదు. పొగ గొట్టాల పక్కన పిల్లలు చచ్చిపోతున్న పారిశ్రామిక నగరాల్లో పుట్టింది, ఆ రోజుల్లో అవసరంగానే పుట్టింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరం పక్కన యూక్లిడ్ అనే చిన్న ఊరు ఉంది. ఇట్లా ఒక్కో పనికి ఒక్కో చోటు గీసే జోనింగ్ చెల్లుతుందని 1926లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది ఆ ఊరి కేసులోనే. ఆ తీర్పు ఫ్యాక్టరీతో ఆగలేదు. విడి విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటును కూడా పరాన్నజీవితో పోల్చింది. కిరాయికుండేవాళ్లంటే సొంతిళ్లవాళ్లకుండే చిరాకుకు అక్కడ చట్టం ముద్ర పడింది. మన దగ్గరికి వస్తే, మద్రాసులో 1920లో వచ్చిన పట్టణ ప్రణాళిక చట్టం మీదే మన మాస్టర్ ప్లాన్లు చాలాకాలం నడిచాయి. హైదరాబాదుకు మాత్రం వేరే దారి ఉండింది. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వేసింది, ఇళ్లు కట్టింది. పత్తర్‌గట్టిలో కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఆ రాతి కమానుల వరుస చూడండి. అది కట్టినప్పుడు ఎవరూ దానికి ఒక్క రంగే వేయాలనుకోలేదు.

జపాన్ సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే వాళ్ల పద్ధతి మన ఇళ్ల తీరుకు దగ్గర. వాళ్ల జోన్ల జాబితా దేశం మొత్తానికి ఒక్కటే. అందులో అన్నిటికంటే నిశ్శబ్దమైన నివాస జోనులో కూడా ఇంట్లో కొట్టు పెట్టుకోవచ్చు. అది ఇంట్లో సగానికి మించొద్దు, 50 చదరపు మీటర్లు దాటొద్దు, అంతే. మన లెక్కలో సుమారు 60 గజాలు. మంగలి, దర్జీ, టిఫిన్ సెంటరు, ట్యూషన్ అన్నీ ఇమిడిపోతాయి. జోను మార్చమని ఎవరూ ఎవరి దగ్గరికీ దరఖాస్తు పట్టుకుని పోవాల్సిన పని లేదు.

మన దగ్గర ఢిల్లీలో ఏం జరిగిందో గుర్తుంది కదా. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో నివాస ప్రాంతాల్లోని దుకాణాలకు సీళ్లు వేశారు. వ్యాపారులు రోడ్డెక్కారు. చివరికి 2007 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మాస్టర్ ప్లాన్ మిశ్రమ వినియోగాన్ని ఒప్పుకుంది. అన్నేళ్లు జనం చేస్తూ వచ్చిందాన్ని పటం తర్వాత చేరి పట్టుకుంది.

ఒక చిత్రమైన సంగతి. ఇంటి పరిశ్రమ ఉందని మన రాష్ట్రంలో ప్లానింగువాళ్లకంటే ముందే కరెంటోళ్లు గుర్తించారు. మీ బిల్లు మీద కేటగిరీ ఉంటుంది చూడండి. ఒకటి ఇల్లు, రెండు దుకాణం, మూడు పరిశ్రమ, నాలుగు కుటీర పరిశ్రమ. ఆ నాలుగో గడికి నా రంగుల పెట్టెలో పెన్సిలు లేదు.

ఇప్పుడు సిరిసిల్లకు వద్దాం. అక్కడ సాంచాల చప్పుడు లేని వాడ అరుదు. ఇంటి కింద నాలుగు సాంచాలు, పైన కాపురం. ఒక ఆసామి దగ్గర నలుగురు కార్మికులు, పక్క గల్లీలో వార్పిన్, ఇంకో గల్లీలో బీముల పని. ఊరే ఒక ఫ్యాక్టరీ. 2000 దశకం మొదట్లో బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు పెట్టారు. మంచిదే, పెద్ద పెట్టుబడికి, కొత్త రకం మగ్గాలకు అలాంటి జాగ కావాలి. కానీ పార్కు రాగానే ఊళ్లో సాంచాలు లేచి అక్కడికి పోలేదు. పోవు కూడా. బువ్వ వండుకుంటూ కండెలు చుట్టే ఆమె ఆటో కిరాయి పెట్టుకుని పార్కుకు పోయి అదే పని చేస్తే ఆమెకు మిగిలేదేముంటుంది? సాంచాల చప్పుడుతో, నూలు దుమ్ముతో ఆరోగ్యం పాడవుతుంది, అది నిజం, దాన్ని తేలిగ్గా తీసేయడం లేదు. చప్పుడుకు హద్దు పెట్టండి, రాత్రి పదింటికి ఆపమనండి, గాలి ఆడే కిటికీ లేకపోతే లైసెన్సు ఇవ్వకండి. ఇవన్నీ కొలవగల సంగతులు. "ఇది ఇల్లా, కార్ఖానానా" అన్నది ఎవరూ కొలవలేని ప్రశ్న.

ఇక మన చెన్నూరు. నా చిన్నప్పుడు ఇది ఆదిలాబాద్ జిల్లా, పెద్ద గ్రామపంచాయతీ. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా అయింది, 2018 ఆగస్టులో మున్సిపాలిటీ. మున్సిపాలిటీ అంటే పన్ను పెరుగుతుందని కొందరు, రోడ్లొస్తాయని కొందరు అనుకున్నారు. రంగులు కూడా వస్తాయని ఎవరూ అనుకోలేదు.

ఈ ఊరి ఆకారం మీకు తెలిసిందే. నడిమధ్యలో అగస్త్యేశ్వర గుడి చుట్టూ పాత వాడలు. ముందు మలిగె, మలిగె వెనక దర్వాజ, లోపల వాకిలి, చుట్టూ అర్రలు. మా తాత మలిగెలో కూర్చుంటే మా నాయనమ్మ వాకిట్లోంచే "బియ్యం గిన్నె పంపు" అని అరిచేది. కిరాణం, కాపురం ఒకే కప్పు కింద. ఇప్పుడా గల్లీల్లో సగం మలిగెలకు షట్టర్లు దించి ఉన్నాయి. గూన పెంకులు జారి, దూలాలు నానుతున్నాయి. అన్నదమ్ముల పంపకాల్లో 40 గజాలు, 50 గజాలుగా ముక్కలై, ఎవరికీ కట్టుకునే వీలు లేక పడి ఉన్నాయి. ఇటు చూస్తే 63వ నంబరు జాతీయ రహదారి. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ పోయే దారి అది. ప్రాణహిత మీద వంతెన వచ్చాక సిరోంచ వైపు నుంచి రాకపోకలు పెరిగాయి. ఈ రోడ్డుకు రెండు పక్కలా వెంచర్లు. తెల్ల సున్నం పూసిన కడీలు వరుసగా నిలబడి ఉంటాయి. ముప్పై అడుగుల రోడ్లు, ఆర్చి గేటు, గేటు మీద ఏదో నగర్. లోపలికి పోతే తుమ్మచెట్లు, రెండు బర్రెలు.

మనుషులుండే చోట ఇల్లు కట్టడానికి వీల్లేదు, కట్టడానికి వీలున్న చోట మనుషుల్లేరు.

ఇది ఒక్క చెన్నూరు కథ కాదు. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తామని 2020 ఆగస్టు 31న ప్రభుత్వం జీవో ఇస్తే రెండు నెలల్లో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఎన్నిటి మీద ఇల్లు లేచింది, ఎన్ని కడీలుగానే ఉన్నాయో మీ ఊరి చివరకు నడిచి చూస్తే అర్థమవుతుంది. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా కన్వర్షన్ చేయించి, గుంటల్ని గజాలుగా మార్చడం కూడా ఒక రకంగా జోను మార్పే. ఆ మార్పు చకచకా జరుగుతుంది, ఎందుకంటే దాని వెనక పైసలుంటాయి. ఊళ్లోపల జరగాల్సిన మార్పు వెనక ముసలోళ్లు, కిరాయిదార్లు, పాలోళ్ల తగాదాలు ఉంటాయి.

ఇల్లు కట్టే నిబంధనలు అంత కఠినంగా ఉన్నాయా అంటే, నిజానికి మన రాష్ట్రంవి దేశంలో ఉదారమైనవే. 2006లో హైదరాబాదుకు వచ్చిన 86 నంబరు జీవో, 2012లో వచ్చిన 168 నంబరు జీవో ముంబయిలాగా జాగకు ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దును పక్కన పెట్టాయి. ప్లాటు సైజు, ఎదురుగా రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, వీటిని బట్టి ఎత్తు. 2020లో టీఎస్-బీపాస్ వచ్చాక 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటిది కలలో కూడా అనుకోలేదు. అయితే ఈ ఉదారతంతా రోడ్డు వెడల్పుకు కట్టేసి ఉంది. పన్నెండు అడుగుల గల్లీలో మలిగె మీద రెండో అంతస్తు లేపాలంటే ముందు రోడ్డుకు జాగ వదలాలి. యాభై గజాల్లో జాగ వదిలితే మిగిలేది మెట్ల కిందికే సరి. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాళ్లకు ఖాళీల్లో మినహాయింపు, పై అంతస్తుకు వెసులుబాటు 2012 నిబంధనల్లోనే ఉన్నాయి. అదే జీవో ఇచ్చే ఇంకో దారి, వదిలిన జాగకు బదులుగా ఇచ్చే, అమ్ముకోదగ్గ అభివృద్ధి హక్కుల బదిలీ పత్రం. అది హైదరాబాదులో అమ్ముడుపోతుంది. చెన్నూరులో దాన్ని కొనేదెవరు?

నన్నడిగితే, ఇద్దరు ముగ్గురు పక్కపక్క ఇళ్లవాళ్లు కలిసి కట్టుకుంటామంటే గల్లీ వెడల్పు అడ్డం పెట్టకుండా మూడంతస్తులకు ఒప్పుకోవాలి. ఫైరింజన్ రాదంటారు. రాదు, ఇప్పుడూ రాదు. వీధి కొసకు నీళ్ల పాయింటు పెట్టండి. కింద మలిగెలు, మధ్యలో సొంత కాపురం, పైన కిరాయికి రెండు గదులు. మంచిర్యాల నుంచి రోజూ దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో వచ్చిపోయే టీచర్లకు, బ్యాంకు పిల్లలకు ఆ గదులు కావాలి. వాళ్లుంటే మలిగెలో టిఫిన్ నడుస్తుంది. ఉద్యోగం, ఇల్లు ఒకదాన్నొకటి పట్టుకొస్తాయి. ఊరవతల ఊదా రంగు వేసి పరిశ్రమ కోసం కళ్లు కాయలు కాచేలా చూడడం కంటే ఇది తొందరగా అయ్యే పని.

ఒక్క ఊదా రంగు మీద బతికిన ఊర్లు మన చుట్టూ ఉన్నాయి. 1938లో కాగితం మిల్లు పెట్టాక కొత్తపేట అన్న పేరే పోయి కాగజ్‌నగర్ అయింది. 2014లో మిల్లు మూతపడితే, 2018లో మళ్లీ తెరుచుకునే దాకా ఆ ఊరి హోటళ్లలో చాయ్ కూడా అప్పు మీదే నడిచిందని చెప్పుకునేవాళ్లు. బెల్లంపల్లిలో గనులు మూతపడుతుంటే క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. మందమర్రి సంగతి మరీ విచిత్రం. ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉంది, 1/70 చట్టం వర్తిస్తుంది, ఆ పేచీతో దశాబ్దాలుగా మున్సిపల్ ఎన్నికలే లేవు. జాగ సింగరేణి బొగ్గు కంపెనీది, ఇల్లు కార్మికుడిది. అక్కడ రంగు మార్చమని ఏ కౌన్సిలర్‌ను అడగాలి? 1/70 గిరిజనుల రక్షణకు వచ్చింది, దాని మీద చేయి వేయమని నేను అనను. కానీ ఇంత మంది నివసించే ఊరికి తన పటం మీద తనకు మాట లేకపోవడం సరి కాదు.

పటం మీద మాట గురించి అంటే 2023 జనవరి గుర్తొస్తుంది. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పంట పొలాలకు పారిశ్రామిక జోను రంగు పడింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఊళ్లకు ఊళ్లు కలెక్టరాఫీసు ముందు కూర్చున్నాయి. అదే నెలలో జగిత్యాలలో కూడా రైతులు రోడ్డెక్కారు. చివరికి రెండు మున్సిపాలిటీలూ ఆ ప్లాన్లను వద్దనుకున్నాయి. ఆ వార్తలు చూస్తున్నప్పుడు నాకు ఆ ముసాయిదా గీసిన కుర్రాడి మీద జాలేసింది. వాడు స్క్రీన్ మీద గీత గీసి లోపల క్లిక్ చేసి ఉంటాడు. నేను దూదితో రుద్దినట్టే. ఆ గడిలో వరి ఉందో, మొక్కజొన్న ఉందో, బిడ్డ పెండ్లికి అమ్ముదామని పెట్టుకున్న రెండెకరాలుందో వాడికి ఎట్లా తెలుస్తుంది?

హైదరాబాదులో ఇప్పుడు తిరుగు ప్రయాణం జరుగుతోంది. 2025 నవంబరులో వచ్చిన విధానం ప్రకారం ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని పక్కన మొత్తం దాదాపు 9,300 ఎకరాలున్న పాత పారిశ్రామిక వాడల్లోని ప్లాట్లను బహుళ వినియోగ జోన్లుగా మార్చుకోవచ్చు. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ అన్నీ అందులో ఉన్నాయి. ప్రభుత్వానికి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో, రోడ్డు పెద్దదైతే 50 శాతమో కట్టాలి. కాలుష్యం తగ్గుతుందని, ఇళ్లొస్తాయని ప్రభుత్వం అంటోంది. చవగ్గా ఇచ్చిన జాగ మీద యజమానులు లాభపడతారని ప్రతిపక్షం. రెంటిలోనూ నిజముంది. నాకున్న సందేహం చిన్నది. కాటేదాన్‌లో ప్లాస్టిక్ డబ్బాల మిషను మీద నిలబడే మనిషి అక్కడికి నడిచి వస్తున్నాడు. మిషను ఔటర్ బయటికి పోయి, ఆ జాగలో టవర్లు లేస్తే, అతను ఆ టవర్లో ఉండలేడు, మిషను దగ్గరికి నడవలేడు. ఇళ్లూ పెరుగుతాయి, ఉద్యోగాలూ ఎక్కడో పెరుగుతాయి, మధ్యలో ఈ మనిషికి బస్సు ఛార్జీ పెరుగుతుంది. ఇన్ని ఇళ్లు ఇంత కిరాయి లోపే ఉండాలి, కిందంతస్తులో ఇన్ని చిన్న యూనిట్లుండాలి అన్న షరతు లేని మార్పిడి నాకు సగం పనిలా కనిపిస్తుంది.

ఒక్క గీత విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. గోదావరి గీత. మన దగ్గర గోదావరి ఉత్తరానికి తిరుగుతుందని పుణ్యస్నానాలు చేస్తాం. అదే గోదావరి 2022 జూలైలో మంచిర్యాలలో కాలనీల్లోకి వచ్చింది. ఒడ్డున కట్టిన మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లొస్తే పసిపిల్లల్ని, బాలింతల్ని తరలించాల్సి వచ్చింది. ఆ స్థలానికి ఎర్ర రంగు వేసినప్పుడు పాత వరద మట్టం ఎవరైనా అడిగారా అని నాకు అనుమానం. ఇటు మేడిగడ్డ బ్యారేజీ బ్యాక్‌వాటర్‌తో చెన్నూరు, కోటపల్లి రైతులు మునిగిన పత్తి చూపిస్తూ ధర్నాలు చేశారు. ఊళ్లోపల ఎంత సడలింపైనా ఇవ్వండి, నది జాగ జోలికి మాత్రం పోవద్దు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మన ముసలోళ్లు గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆ గోడల మీద పెయింటుతో గీత గీసి, ఆ గీతలన్నీ కలిపితే అదే మన జోనింగ్ పటంలో మొదటి లైను.

కొత్త మాస్టర్ ప్లాన్ వచ్చినప్పుడు దాన్ని ఆఫీసు గోడకు ఎవరికీ అందనంత ఎత్తులో మేకు కొట్టి, ఇంగ్లీషులో రాసి, గడువు చివరి రోజున చూపించే పద్ధతి ఒకటుంది. నేనే కొట్టాను మేకులు. లైబ్రరీలో బల్ల మీద పరవమనండి. సర్వే నంబర్లు, వాడల పేర్లు తెలుగులో ఉండాలి. పక్కన ఒకడు కూర్చుని "అమ్మా, మీ ఇల్లు ఇదిగో" అని వేలు పెట్టి చూపించాలి. రిటైరైనవాణ్ని, ఆ కుర్చీలో నేనైనా కూర్చుంటాను, చాయ్ తాగిస్తే చాలు.

పోయిన నెల ఒక పెండ్లికి పోయి, దారిలో ఆ పాత పద్మశాలి గల్లీకి వెళ్లాను. చాలా ఇళ్లు స్లాబులయ్యాయి. నేను వెతికిన ఇల్లు మాత్రం అలాగే ఉంది, పెంకుల బదులు రేకులు. ముందు అర్రలో గుంత పూడ్చేశారు. సిమెంటు తర్వాత వేసింది కాబట్టి ఆ జాగ ఇప్పటికీ కొంచెం నల్లగా, మగ్గం ఆకారంలో కనిపిస్తుంది. దాని మీద మూడు కుట్టు మిషన్లు. ముగ్గురు ఆడవాళ్లు బడి యూనిఫాంలు కుడుతున్నారు, గోడ వారగా నీలం రంగు నిక్కర్లు కుప్ప పోసి ఉన్నాయి. ఒకామె ఆ ఇంటి కోడలు. పని బాగుందా అంటే బాగుందన్నది. ఇంకో రెండు మిషన్లు వేసుకోవచ్చు, జాగ చాలదన్నది. బయట బోర్డు ఎందుకు పెట్టలేదమ్మా అని అడిగాను.

"బోర్డు పెడితే మున్సిపాలిటోళ్లు వస్తరు కదా సార్," అన్నది. "ఇది ఇండ్ల జాగనట. ఎవరో రాసిండ్రట."